మా ఆయిల్ కంపెనీ సేవ: ట్యాంకు ఖాళీ అయిన రోజు ఎలా పనిచేసింది

మసాచుసెట్స్‌లో వూస్టర్ చుట్టుపక్కల ఊళ్లకు ఇంటి ఆయిల్, అంటే చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకునే ఇంధనం, సరఫరా చేసే ఒక స్థానిక కంపెనీ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆటోమేటిక్ డెలివరీ, ఆ ఆయిల్‌తో నీళ్లు కాచి గదులను వెచ్చబెట్టే బాయిలర్‌కు సర్వీసు కాంట్రాక్టు రెండూ మేము ఆ కంపెనీ దగ్గరే తీసుకున్నాం. జనవరి నడిమధ్యలో, మంచి చలిలో, వాళ్ల లెక్క తప్పి మా ట్యాంకు ఖాళీ అయ్యింది. బాయిలర్‌ను మళ్లీ వెలిగించినదీ వాళ్లే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి కంపెనీలు ఒక్కొక్కటీ చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు మించి తిరగవు కాబట్టి, పేరు తెలియడం కంటే మీ ఊరి కంపెనీని ఏమేం అడగాలో తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: టెక్నీషియన్ పనికి 5కి 5, డెలివరీ లెక్కకు 5కి 2, రాత్రి వేళ ఫోను ఎత్తే ఏర్పాటుకు 5కి 3.

ఆయిల్ బాయిలర్ ఉన్న ఇంట్లో ఎప్పుడూ ఉండని వారి కోసం కొంత వివరంగా చెప్పాలి. అమెరికాలో ఇంటిని ఆయిల్‌తో వెచ్చబెట్టుకునే కుటుంబాలు సుమారు 50 లక్షలు ఉంటే, వాటిలో అత్యధికం ఈ ఈశాన్య రాష్ట్రాలలోనే ఉన్నాయి. వెస్ట్‌బరో, ష్రూస్‌బరీ, యాక్టన్ వంటి ఊళ్లలో అద్దె అపార్టుమెంట్ల నుంచి సొంత ఇంటికి మారుతున్న మన తెలుగు కుటుంబాలలో చాలామందికి పాత ఇల్లు కొన్న తర్వాతనే బేస్‌మెంట్‌లో నిలబడి ఉన్న ఆ పెద్ద ఇనుప ట్యాంకుతో పరిచయం కలుగుతుంది. సాధారణంగా అది 275 గ్యాలన్లది, అంటే దాదాపు 1,040 లీటర్లు. పైన గాలికి కొంత ఖాళీ వదలాలి, అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి నిజంగా వాడుకోగలిగేది 250 గ్యాలన్ల లోపే. మన ఊళ్లలో ఒక గ్యాస్ సిలిండర్ అయిపోతే మూలనున్న రెండోది తగిలిస్తాం. ఇక్కడ ఆ రెండో సిలిండర్ లేదు. ఆయిల్ అయిపోతే గదుల్లో వేడితోపాటు చాలా ఇళ్లలో స్నానానికి వేడినీళ్లు కూడా ఆగిపోతాయి, ఎందుకంటే ఆ నీళ్లను కాచేది కూడా అదే బాయిలర్.

అందుకనే ఆటోమేటిక్ డెలివరీ అనే పద్ధతి పుట్టింది. మనం ట్యాంకు చూసుకోనక్కర లేదు, ఫోను చేయనక్కర లేదు. ఎప్పుడు రావాలో కంపెనీయే లెక్కవేసుకుని వచ్చి నింపి వెళుతుంది. ఈ సౌకర్యం కోసం గ్యాలన్‌కు అర డాలరుకు పైగా ఎక్కువ చెల్లిస్తున్నాం కాబట్టి, ఆ లెక్క ఎలా వేస్తారో తెలుసుకునే హక్కు మనకు ఉంది. వాళ్లు ఉపయోగించేది డిగ్రీ డే అనే కొలత. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 65 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే ఎంత తక్కువ ఉంటే ఆ రోజుకు అన్ని డిగ్రీ డేలు. సగటు 25 అయితే 40 డిగ్రీ డేలు. ఒక ఇల్లు ఎన్ని డిగ్రీ డేలకు ఒక గ్యాలన్ కాలుస్తుందో చెప్పే అంకెను కె ఫ్యాక్టర్ అంటారు. ప్రతి ఇంటికీ ఆ అంకె వేరుగా ఉంటుంది, పాత డెలివరీల చరిత్ర నుంచి దానిని తీస్తారు.

మా ఇంట్లో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే. మాకు ఇల్లు అమ్మిన వృద్ధ దంపతులు మేడమీది గదులు మూసి ఉంచి, థర్మోస్టాట్ బాగా తగ్గించుకుని గడిపేవారు. వారి కె ఫ్యాక్టర్ 8. ఖాతా మా పేరుకు మారింది కానీ ఆ అంకె మారలేదు. ఆ చలికాలం మా అత్తగారూ మామగారూ తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. అన్ని గదులూ తెరిచి, పగలూ రాత్రీ వేడి సమంగా ఉంచాం, స్నానాలు, వంటింటి వేడినీళ్లు కూడా పెరిగాయి. తర్వాత లెక్క చూస్తే మా అసలు అంకె 5 దగ్గర తేలింది. రోజుకు 40 డిగ్రీ డేల చొప్పున నెల రోజులకు 1,200 అనుకోండి. ఎనిమిదితో భాగిస్తే 150 గ్యాలన్లు, అంటే ట్యాంకులో ఇంకా మూడో వంతుకు పైగా ఉందని కంప్యూటర్ నిశ్చింతగా ఉంటుంది. అయిదుతో భాగిస్తే 240 గ్యాలన్లు, అంటే ట్యాంకు అడుగంటింది. ఇల్లు చేతులు మారిందని కంపెనీకి తెలుసు, ఖాతా మార్పు సంతకాలు వాళ్ల ఆఫీసులోనే జరిగాయి. కొత్త యజమాని వచ్చినప్పుడు మొదటి రెండు మూడు డెలివరీలు త్వరత్వరగా చేసి అంకెను మళ్లీ స్థిరపరచుకోవడం ఈ వ్యాపారంలో మామూలు జాగ్రత్త. దానిని వదిలేసినందుకే డెలివరీ విభాగానికి అంత తక్కువ మార్కులు వేశాను.

మొదటి సూచన వేడినీళ్ల రూపంలో వచ్చింది. గదులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, కానీ మా అత్తగారు స్నానాల గది తలుపు తీసి, "నీళ్లు కాగడం లేదమ్మా, ఎంతసేపు వదిలినా చల్లగానే వస్తున్నాయి" అన్నారు. కిందికి వెళ్లి చూస్తే, బాయిలర్‌లో ఆయిల్‌ను మండించే బర్నర్ మీది రీసెట్ బటన్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతోంది, ఆయిల్ ఎంతుందో చూపే గేజ్‌లో, అంటే ట్యాంకు పైనున్న గాజు గొట్టంలో, తేలుడు బిళ్ల అట్టడుగున కూర్చుంది.

ఇక్కడ కొంచెం ఆగి రీసెట్ బటన్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తంలో ప్రమాదం దాగి ఉన్నది ఆ చిన్న ఎర్ర బటన్‌లోనే. బర్నర్‌లో మంటను గమనించే ఒక కన్ను ఉంటుంది. నిర్ణీత సెకన్లలో దానికి మంట కనిపించకపోతే, బర్నర్‌ను నడిపే కంట్రోల్ అనే పరికరం దానిని ఆపేస్తుంది. బటన్ నొక్కితే అది మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకసారి నొక్కి చూడటం తప్పు కాదు. వెలగలేదని మళ్లీ మళ్లీ నొక్కితే, పైపులో మిగిలిన ఆయిల్ కాలకుండానే మంటగదిలోకి చిమ్మి పోగవుతుంది; తర్వాత ఎప్పుడో నిప్పు అంటుకున్నప్పుడు అదంతా ఒక్కసారిగా భగ్గున మండి, మసి పొగగొట్టం అతుకుల గుండా ఇల్లంతా చిమ్ముతుంది. గోడలు, బట్టలు, పరుపులు అన్నీ నల్లబడిన ఇళ్లు ఈ ప్రాంతంలో ప్రతి చలికాలం ఉంటాయి. కొత్త కంట్రోళ్లు కొన్ని మూడుసార్లు వరుసగా విఫలమైతే ఇక మామూలు నొక్కుడుకు లొంగవు. ఆ తాళాన్ని టెక్నీషియనే తీయాలి, తీసే ఉపాయం ఎవరైనా చెప్పినా మీరు ప్రయత్నించవద్దు.

కంపెనీకి ఫోను చేస్తే, పని వేళలు దాటిపోయాయి కాబట్టి, సందేశాలు తీసుకునే ఒక సర్వీసు ఎత్తింది. మాట్లాడిన మనిషి మర్యాదగానే ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లున్నారా, పసిపిల్లలున్నారా అని అడిగి రాసుకున్నారు. అయితే మా ఖాతా ఆటోమేటిక్‌దని ఆమె తెరమీద కనిపించకపోవడంతో, అర్ధరాత్రి డెలివరీకి అదనపు రుసుము, ట్యాంకు ఖాళీ అయినప్పుడు పైపులోకి చేరిన గాలి తీసి వెలిగించడానికి మరో రుసుము అవుతాయని చెప్పారు. కాంట్రాక్టు కాగితం చేతిలో పెట్టుకుని, ఆటోమేటిక్ ఖాతాదారుల ట్యాంకు కంపెనీ లెక్కవల్ల ఖాళీ అయితే ఏ రుసుమూ ఉండదన్న వాక్యాన్ని చదివి వినిపించాల్సి వచ్చింది. రాత్రి విధుల్లో ఉన్న మేనేజరు తిరిగి ఫోను చేసి ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే కానీ, చలిలో కూర్చున్న ఇంటివాళ్లు కాగితాలు వెతుక్కోవలసిన అవసరం ఉండకూడదు.

ఆ మేనేజరు ఇచ్చిన ఒక సలహా మాత్రం బంగారం లాంటిది. లారీ రావడానికి తెల్లవారుతుంది కనుక, దగ్గరి బంకు నుంచి మామూలు డీజిల్ అయిదు గ్యాలన్లు తెచ్చి ట్యాంకులో పోసుకోవచ్చని, ఇంటి ఆయిల్ డీజిల్‌కు చాలా దగ్గరిదని, బర్నర్‌కు ఏ హానీ ఉండదని చెప్పారు. ఇంటి ఆయిల్‌కు ఎర్ర రంగు కలిపేది, రోడ్డు పన్ను కట్టని ఇంధనాన్ని వాహనాల్లో పోస్తే పట్టుకోవడానికే. మన అవసరానికి ఆ రంగుతో సంబంధం లేదు, బంకు డీజిల్‌లో రోడ్డు పన్ను కలిసి ఉంటుంది కాబట్టి కొంత ఖరీదు పడుతుంది, అంతే. రెండు జాగ్రత్తలు కూడా చెప్పారు. డీజిల్ పసుపుపచ్చ డబ్బాలో తేవాలి. ఎర్ర డబ్బా పెట్రోలుది, అందులో అడుగున పెట్రోలు చుక్క మిగిలి ఉన్నా బాయిలర్‌కు అది అత్యంత ప్రమాదకరం. ఇంటి బయట గోడకు రెండు గొట్టాలు కనిపిస్తాయి, వాటిలో మూత బిగించి ఉన్న నింపే గొట్టంలోనే పోయాలి, వంగిన తలతో ఉన్న గాలి గొట్టం జోలికి పోకూడదు. మా వారు వెళ్లి తెచ్చారు. అయితే అయిదు గ్యాలన్లు పోసినంత మాత్రాన మా బాయిలర్ దానంతట అది వెలగలేదు, దానికి కారణం టెక్నీషియన్ వచ్చాక అర్థమైంది.

ఆ మధ్య గంటలు గడపడానికి ఒక గదిలో 1,500 వాట్ల విద్యుత్ హీటర్ పెట్టి అందరం అక్కడే ఉన్నాం. ఆ హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించకూడదు, నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకుందామన్న ఆలోచన పెద్దవాళ్లకు సహజంగా వస్తుంది, దానిని గట్టిగా వద్దనాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ఈ రాష్ట్రంలో 2006 నుంచి ఇళ్లలో దాని అలారం తప్పనిసరి చేసింది ఊరికే కాదు. గరాజు మీది గదిలో బయటి గోడ వెంబడి పోయే పైపుల్లో నీళ్లు గడ్డకడతాయేమోనన్నది నా అసలు భయం. గడ్డకట్టి పగిలితే ఆయిల్ ఖర్చు ముందు ఆ నష్టం ఎన్నో రెట్లు ఉంటుంది. సింకు కింది అరల తలుపులు తెరిచి, కుళాయిలు సన్నటి ధారగా వదిలాం. గోడల అడుగున ఉండి గదులను వెచ్చబెట్టే బేస్‌బోర్డు పైపుల్లోని నీరు బాయిలర్‌తో కలిసి మూసి ఉన్న వలయంలో తిరుగుతుంది కాబట్టి కుళాయిలు వదలడం దానికి పనికిరాదు, ఆ గది తలుపు తీసి ఉంచి ఇంటి వెచ్చదనం అక్కడికి చేరేలా చూడటం ఒక్కటే దారి.

తెల్లవారుతూనే లారీ వచ్చింది. డ్రైవరు మంచులో గొట్టాన్ని లాక్కుంటూ ఇంటి పక్కకు వచ్చి, తగిలించి, చెవి గాలి గొట్టం వైపు పెట్టి నిలబడ్డాడు. ఆయిల్ లోపలికి పోతున్నంతసేపూ గాలి బయటికి తోసుకు వస్తూ ఈల వేస్తుంది, ఈల ఆగగానే ట్యాంకు నిండినట్టు. ఆ ఈల వినిపించకపోతే డెలివరీ చేయకూడదన్నది వాళ్ల నియమం. మీటరు నుంచి అచ్చయిన టికెట్ చేతికిచ్చాడు. మొదటి రీడింగు, చివరి రీడింగు, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు సరిచేసిన గ్యాలన్లు అన్నీ దాని మీద స్పష్టంగా ఉన్నాయి. నింపే గొట్టం దాకా దారిలో మంచు తీసి ఉంచడం మన బాధ్యత, అది తీసి ఉంటే డ్రైవరు పని చాలా తేలికవుతుంది.

ఇక టెక్నీషియన్ గురించి. ఈ రాష్ట్రంలో ఆయిల్ బర్నర్ మీద పనిచేసేవారికి అగ్నిమాపక విభాగం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. ఆయన అడగకుండానే చూపించారు. మెట్ల పైనున్న ఎర్ర పలక స్విచ్చి ఆపి, ముందు తొందరపడకుండా కొంతసేపు ఊరుకున్నారు. నిండా ఆయిల్ పడగానే అడుగున ఉన్న మడ్డి లేచి కలుస్తుందని, అది దిగేదాకా ఆగకుండా పంపు తిప్పితే మడ్డంతా పైపులోకి వస్తుందని చెప్పారు. తర్వాత ఫిల్టరు గిన్నె విప్పారు. లోపల దారపు చుట్టలాంటి ఫిల్టరు తారు పూసినట్టు నల్లగా ఉంది, గిన్నె అడుగున వేలితో తీస్తే వచ్చేంత బురద. ట్యాంకు అడుగంటినప్పుడు పైపు పీల్చుకునేది అదే. కొత్త ఫిల్టరు వేసి, బర్నర్‌లోని నాజిల్ కూడా మార్చారు. గంటకు 0.85 గ్యాలన్లు చిమ్మే నాజిల్ రంధ్రం కంటికి ఆనదు, అలాంటి దానిలో ఒక్క రేణువు ఇరుక్కున్నా మంట వంకరపోతుంది.

మా ట్యాంకు నుంచి బర్నర్‌కు ఒకే పైపు ఉంది. రెండు పైపుల ఏర్పాటు ఉన్న ఇళ్లలో పంపు గాలిని తిరిగి ట్యాంకులోకే పంపేసుకుంటుంది. ఒకే పైపున్న చోట పంపు పక్కనున్న చిన్న మరను వదులు చేసి, గాలిని చేత్తో తీయాలి. డీజిల్ పోసినా మా బాయిలర్ వెలగకపోవడానికి కారణం అదే. ఆయన ఆ మరకు పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, రెండో కొసను ఖాళీ సీసాలో పెట్టి, రెంచితో పావు తిప్పు తిప్పి, బర్నర్ వదిలారు. మొదట గాలి బుసకొట్టింది. తర్వాత లేత ఎరుపు నురుగు, మధ్యమధ్య పెద్ద బుడగలు. ఆగిపోతే మళ్లీ వదిలారు. కాసేపటికి బుడగలు చిన్నవై, ఒక్కొక్కటిగా తగ్గి, చివరికి గాజులా తేటగా ఎర్రటి ధార తెంపులేకుండా వచ్చింది. ఆ క్షణాన మర బిగించేసరికి లోపల మంట గుప్పుమని అంటుకుంది. ఆయన పక్కనే నిలబడి, ప్రతిదీ ఎందుకు చేస్తున్నారో మామగారికి అర్థమయ్యేలా నిదానంగా చెబుతూ చేశారు. మామగారు రైసు మిల్లు ఇంజన్ల దగ్గర పనిచేసిన మనిషి కాబట్టి, డీజిల్ ఇంజనుకు గాలి తీసే పద్ధతి కూడా ఇదేనని వెంటనే పట్టుకున్నారు. భాష పెద్దగా కలవకపోయినా ఇద్దరూ పంపు చూపించుకుంటూ చక్కగా మాట్లాడుకున్నారు.

చాలామంది టెక్నీషియన్లు మంట వెలగగానే సంచి సర్దుకుంటారు. ఈయన పొగగొట్టంలో చిన్న రంధ్రం గుండా చేతిపంపుతో పొగను తెల్ల కాగితం మీదికి లాగారు. కాగితం తెల్లగానే ఉంది, అంటే మసి లేకుండా శుభ్రంగా మండుతోంది. పొగగొట్టం పొగను లాగే బలం, పొగలోని వాయువుల శాతం కూడా కొలిచి, అంకెలన్నీ బాయిలర్‌కు వేలాడదీసిన చీటీ మీద తేదీతో రాశారు. ఆయిల్ అయిపోయిన తర్వాత ఈ కొలతలు చేయించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. మీ కంపెనీ చేయకపోతే అడిగి చేయించండి.

తర్వాత కంపెనీ ఏం చేసిందన్నదీ చెప్పాలి. కె ఫ్యాక్టర్‌ను 5కు మార్చి, ఆ మార్పును బిల్లు మీద చూపించారు. ఫిల్టరు, నాజిల్, రాత్రి రుసుము ఏదీ వసూలు చేయలేదు. ఫోను సర్వీసు తెరమీద ఆటోమేటిక్ ఖాతా అన్న గుర్తు కనిపించేలా చేస్తామన్నారు. అది జరిగిందో లేదో బయటివాళ్లకు తెలిసే మార్గం లేదు కాబట్టి దానికి నేను మార్కులు వేయలేదు.

మా ప్రాంతంలో గ్యాలన్‌కు తక్కువ ధరకు అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. వాటికి మనమే ఫోను చేసి పిలవాలి, 100 గ్యాలన్లకు తక్కువ పోయరు, అప్పటికప్పుడు డబ్బు కట్టాలి, బాయిలర్ మరమ్మతు వాళ్ల పని కాదు. ఏడాదికి 800 గ్యాలన్లు కాల్చే ఇంటికి గ్యాలన్‌కు అర డాలరు తేడా అంటే 400 డాలర్లు, అది చిన్న మొత్తం కాదు. వారానికోసారి గేజ్ చూసే ఓపిక ఉండి, పావు ట్యాంకు దగ్గరే ఫోను చేసే అలవాటున్న యువ దంపతులకు ఆ కంపెనీలు బాగా సరిపోతాయి. వాళ్లు కూడా సర్వీసు కాంట్రాక్టు మాత్రం విడిగా తీసుకోవాలి, ఎందుకంటే ట్యాంకు ఖాళీ అయిన రోజు ఆయిల్ దొరకడం కంటే గాలి తీసే మనిషి దొరకడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, చలికాలంలో నెల రోజులు ఊరికి వెళ్లే అలవాటున్న మాలాంటి కుటుంబాలకు ఆటోమేటిక్ పద్ధతే నయం, ఇంత జరిగిన తర్వాత కూడా మేము దానినే కొనసాగిస్తున్నాం.

కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందు అడగవలసినవి మూడే. మా కె ఫ్యాక్టర్ ఎంత, అది ఎవరి వాడకం నుంచి వచ్చింది? మీ లెక్క తప్పి ట్యాంకు ఖాళీ అయితే రుసుములు ఎవరివి, గడ్డకట్టి పగిలిన పైపుల నష్టం ఎవరిది? రాత్రి ఫోను ఎత్తేది మీ మనుషులా, బయటి సర్వీసా? రెండో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసి ఇచ్చేదాకా సంతకం చేయవద్దు. మా కంపెనీ రుసుముల సంగతి రాసి ఇచ్చింది, పైపుల సంగతి మాత్రం ఈసారి కాంట్రాక్టు కొనసాగించినప్పుడు పట్టుబట్టి రాయించుకున్నాం.